ఫ్రెంచ్ క్రియలు: పట్టికలో ఆరు, చెవికి మూడు

ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠాల్లోనే తగిలే క్రియ ‘పార్లే’, అంటే మాట్లాడడం. వర్తమాన కాలంలో దానికి ఆరు వరసల పట్టిక ఉంటుంది: ఝ పార్ల్, త్యు పార్ల్, ఇల్ పార్ల్, ను పార్లోఁ, వు పార్లే, ఇల్ పార్ల్. వరసగా నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు. కాగితం మీద చూస్తే ‘నేను’, ‘అతను’ వరసల్లో మాత్రమే స్పెల్లింగ్ ఒకటి. ‘నువ్వు’ వరసలో చివర ఎస్ చేరుతుంది, ‘వాళ్లు’ వరసలో ఈ-ఎన్-టీ అని మూడు లెటర్లు వచ్చి కూర్చుంటాయి. చెవికి మాత్రం ఈ నాలుగు వరసలూ ఒకటే. ఆరు వరసల పట్టికలో నిజంగా వినిపించేవి మూడే: పార్ల్, పార్లోఁ, పార్లే.

భూతకాలపు అసంపూర్ణ రూపాల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘మాట్లాడుతూ ఉండేవాణ్ని, ఉండేవాడివి, ఉండేవాడు, ఉండేవాళ్లు’ అనే నాలుగింటికీ ఫ్రెంచ్‌లో పలుకు ‘పార్లె’. రాతలో మొదటి రెండింటి చివర ఏ-ఐ-ఎస్, మూడోదాని చివర ఏ-ఐ-టీ, ‘వాళ్లు’ రూపం చివర ఏ-ఐ-ఈ-ఎన్-టీ. అయిదు లెటర్లు రాస్తే పలికేది ఒక్క ఎకారం.

‘ఫ్రెంచ్‌లో చివరి అక్షరాలు పలకరు’ అని క్లాసుల్లో ఈ విషయాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అది సగం నిజమే. ‘ఇల్ సోర్త్’ అంటే ‘వాళ్లు బయటికి వెళ్తారు’. అందులో తకారం గట్టిగా వినిపిస్తుంది. ‘ఇల్ సోర్’ అంటే ‘అతను వెళ్తాడు’. అక్కడ అదే టీ రాసి ఉన్నా వినిపించదు. ఏ లెటర్ పలుకుతుంది, ఏది పలకదు అని విడివిడిగా కంఠస్థం చేస్తూ పోతే దీనికి అంతు ఉండదు. చూడాల్సింది లెటర్ని కాదు, సిలబుల్‌ని. ఒక క్రియారూపం ఎక్కడ విరుగుతుంది, దాని చివరి సిలబుల్ అచ్చుతో ముగుస్తుందా, హల్లుతో మూసుకుంటుందా అన్నది పట్టుకుంటే, విడ్డూరంగా కనిపించే స్పెల్లింగుల్లో చాలావాటికి కారణం అక్కడే దొరుకుతుంది.

వ్యాసం ముందుకు సాగేముందు రాత గురించి రెండు మాటలు. ఇక్కడ ఫ్రెంచ్ మాటల్ని వినిపించే తీరులోనే తెలుగులో రాస్తున్నాం. అరసున్న ఉన్నచోట అచ్చును ముక్కుతో పలకాలి, మకారమో నకారమో చేర్చకూడదు. ‘ఏ’ అని రాసిన చోట పెదాలు కాస్త సాగదీసి బిగువుగా, ‘ఎ’ అని రాసిన చోట నోరు ఎక్కువ తెరిచి పలకాలి. ‘ఆ’ మామూలు అచ్చు, పొట్టి ‘అ’ మాత్రం పెదాలు గుండ్రం చేసి తేలిగ్గా పలికే బలహీనమైన అచ్చు. ‘జ’ ఇంగ్లిష్ జూలో వినిపించే ధ్వని, ‘ఝ’ టెలివిజన్ అనే మాట మధ్యలో వినిపించేది. త, ద మాత్రం దాదాపు మన త, దలే. ఇంగ్లిష్ ట, డల అలవాటు ఇక్కడ అక్కర్లేదు.

ఎక్కడ విరుగుతుంది

ఫ్రెంచ్‌కి అచ్చుతో ముగిసే సిలబుల్ అంటే ఇష్టం. రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తర్వాతి అచ్చుతోనే పోతుంది: ఫి-నిర్ (పూర్తిచేయడం), దొ-నే (ఇవ్వడం). రెండు హల్లులుంటే మధ్యలో విరుగుతుంది: పార్-లే. అయితే రెండో హల్లు ర గానీ ల గానీ అయి, మొదటిది ప, బ, త, ద, క, గ, ఫ, వలలో ఒకటైతే ఆ జంట విడిపోదు: ఏ-క్రిర్ (రాయడం), ఆఁ-త్రే (లోపలికి రావడం).

తెలుగు లిపి ఇక్కడ కాస్త తికమక పెడుతుంది. ‘పార్లే’ అని రాసినప్పుడు మన కంటికి కనిపించేవి పా, ర్లే అనే రెండు గుంపులు. మన లిపి జంట హల్లులన్నిటినీ తర్వాతి అచ్చుకే కట్టేస్తుంది. పలికేటప్పుడు రకారం ముందు సిలబుల్‌కి చెందుతుంది. నిజానికి ఈ సంగతి తెలుగు ఛందస్సు చదివినవాళ్లకు కొత్తేమీ కాదు. ‘కర్త’లో ‘క’ గురువు ఎందుకైంది? వెనక సంయుక్తాక్షరం ఉంది కాబట్టి, అంటే పలుకులో ఆ రకారపు బరువు ‘క’ మీదే పడింది కాబట్టి. రేఫ కలిసిన జంటను తేల్చి పలికితే ముందున్న అక్షరం లఘువుగానే ఉంటుందని మన లాక్షణికులు అద్రుచు, విద్రుచు లాంటి మాటలు చూపించి చెప్పారు. ఆ జంట విడిపోకుండా మొత్తంగా తర్వాతి అచ్చుతో వెళ్లిపోతుందన్నమాట. ఫ్రెంచ్ ‘ఏ-క్రిర్’లో జరిగేదీ అదే. గణవిభజన నేర్చిన చెవి ఫ్రెంచ్ సిలబుల్స్‌ని తొందరగానే పట్టుకోగలదు.

ఇంకో సంగతి. పంక్తి చివర మాట పట్టకపోతే దాన్ని హైఫన్‌తో విడగొట్టే రాత నియమం వేరు, నోటి సిలబుల్ వేరు. ‘దొ-నే’ రాతలో రెండు ఎన్‌లుంటాయి, హైఫన్ వాటి మధ్యలో పెడతారు. నోట్లో నకారం ఒక్కటే. ద్విత్వాలకు అలవాటుపడిన తెలుగు నోరు దాన్ని ‘దొన్నే’ అని వత్తి పలుకుతుంది. ఫ్రెంచ్‌వాళ్లకు అది వింతగా వినిపిస్తుంది. రాతలో జంట హల్లు కనిపించినా క్రియల్లో మామూలుగా ఒకే హల్లు పలకాలి. దీనికి ఉన్న ఒక మినహాయింపు చాలా ముఖ్యమైనది, దాని సంగతి తర్వాత.

మూగ ‘ఈ’ చేసే పని

ఫ్రెంచ్ రాతలో మాట చివర ఒంటరిగా ఉండే ‘ఈ’ అనే లెటర్‌ని ఫ్రెంచ్‌వాళ్లు మూగదనే అంటారు. పాత ఫ్రెంచ్‌లో అది పలికేది. చివరి ఎస్, టీలూ పలికేవి. లాటిన్‌లో ‘వాళ్లు పాడతారు’ అనే ‘కాంతాంత్’ ఫ్రెంచ్‌లోకి వచ్చి, శతాబ్దాల పాటు అరుగుతూ అరుగుతూ ‘షాఁత్’ అనే ఒక్క సిలబుల్‌గా మిగిలింది. రాత మాత్రం ఆ పాత శబ్దాల గుర్తుల్ని వదల్లేదు. ఈ-ఎన్-టీ ఆ గుర్తే. తెలుగులో ‘వస్తాను’ అంటే చాలు, నేను అని వేరే చెప్పనక్కర్లేదు. క్రియ చివరే అన్నీ చెబుతుంది. ఫ్రెంచ్‌లో ఆ చివర చెవికి అందదు కాబట్టి ఝ, త్యు, ఇల్ లాంటి సర్వనామాలు ఎప్పుడూ ముందు ఉండి తీరాలి.

ఈ-ఎన్-టీ పలకదనే నియమం క్రియల్లో ‘వాళ్లు’ రూపానికే. నామవాచకాల్లో, విశేషణాల్లో అవే లెటర్లు ముక్కుతో పలికే ‘ఆఁ’ అవుతాయి. అధ్యక్షుడు ‘ప్రే-జి-దాఁ’. అదే స్పెల్లింగ్‌తో ‘వాళ్లు అధ్యక్షత వహిస్తారు’ అంటే ‘ప్రే-జిద్’. మఠానికి ‘కు-వాఁ’, కోళ్లు పొదుగుతాయి అనడానికి ‘కువ్’. రాతలో రెండింటికీ ఒక్క లెటర్ తేడా లేదు. మఠంలోని కోళ్లు పొదుగుతున్నాయనే వాక్యాన్ని ఫ్రెంచ్ బడుల్లో ఇందుకోసమే చెబుతుంటారు. పక్కపక్కనే వచ్చే ఆ రెండు మాటల్లో ఒకటి రెండు సిలబుల్స్, ఒకటి ఒక్కటే.

పలకకపోయినా ఈ మూగ లెటర్లు పని లేకుండా లేవు. తమ ముందున్న హల్లుని కాపాడడం వాటి పని. ‘ఇల్ సోర్’లో రాత టీతో ఆగిపోయింది, చివర ఒంటరిగా మిగిలిన హల్లు కాబట్టి ఆ టీ రాలిపోయింది. ‘ఇల్ సోర్త్’లో టీ తర్వాత ఈ-ఎన్-టీ ఉంది. ఒకప్పుడు అక్కడ అచ్చు పలికేది కాబట్టి టీ మాట చివర పడలేదు, బతికింది. తర్వాత ఆ అచ్చు పోయినా హల్లు మిగిలిపోయింది. ఏకవచనం, బహువచనం తేడా చాలా క్రియల్లో ఈ ఒక్క హల్లు మీదే నిలబడి ఉంది.

దగ్గరగా చూడండి. ఫి-ని, ఫి-నిస్ (పూర్తిచేస్తాడు, పూర్తిచేస్తారు). మె, మెత్ (పెడతాడు, పెడతారు). లి, లిజ్ (చదువుతాడు, చదువుతారు). ఏ-క్రి, ఏ-క్రివ్ (రాస్తాడు, రాస్తారు). బ్వా, బ్వావ్ (తాగుతాడు, తాగుతారు). సె, సావ్ (తెలుసు అతనికి, తెలుసు వాళ్లకి). వాఁ, వాఁద్ (అమ్ముతాడు, అమ్ముతారు). ఏకవచనం నుంచి బహువచనం కట్టాలని చూస్తే ఎక్కడ స చేర్చాలో, ఎక్కడ జ, వ, ద, త చేర్చాలో చెప్పే సూత్రం దొరకదు. తిరగేసి చూస్తే ఇబ్బందే లేదు: బహువచనం అసలు రూపం, దాని చివరి హల్లు తీసేస్తే ఏకవచనం (‘సావ్’ దగ్గర మాత్రం అచ్చు కూడా మారుతుంది). పట్టికను పైనుంచి కిందికి కాకుండా కిందినుంచి పైకి చదవడం నేర్పితే విద్యార్థుల టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

ఆ హల్లు నకారమైతే ఇంకో మార్పు జరుగుతుంది. ‘వస్తాడు’కి ‘వ్యెఁ’, ‘వస్తారు’కి ‘వ్యెన్’. ‘తీసుకుంటాడు’కి ‘ప్రాఁ’, ‘తీసుకుంటారు’కి ‘ప్రెన్’. నకారం నోట పలికితే అచ్చు ముక్కులోకి పోదు. నకారం పలకని చోట దాని గుర్తుగా అచ్చు ముక్కుతో పలుకుతుంది. రెండూ కలిపి ‘ప్రాన్’ అనో ‘వ్యెంత్’ అనో పలికితే ఏకవచనమో బహువచనమో విన్నవాళ్లకు తేలదు.

‘వాళ్లు’ రూపం తెలిస్తే మరో లాభం కూడా ఉంది. ‘వెళ్లాలి, చదవాలి, పూర్తిచేయాలి’ లాంటి భావాల్లో వాడే సంభావనార్థక రూపాలు (ఫ్రెంచ్ క్లాసులో సబ్జంక్టివ్ అంటారు) ఎక్కువ క్రియల్లో చెవికి సరిగ్గా ఈ రూపమే: సోర్త్, లిజ్, ఫి-నిస్, బ్వావ్. ఉండడం, కలిగి ఉండడం, చేయడం, వెళ్లడం, తెలియడం, చేయగలగడం, కోరుకోవడం లాంటి కొన్ని మాత్రం దారి తప్పుతాయి.

వర్తమానంలో ‘వాళ్లు’ రూపం చివర ముక్కుతో పలికే అచ్చు వినిపించే క్రియలు నాలుగే: సోఁ (ఉన్నారు), ఓఁ (కలిగి ఉన్నారు), వోఁ (వెళ్తారు), ఫోఁ (చేస్తారు). రాతలోనూ అవి ఈ-ఎన్-టీతో కాక ఓ-ఎన్-టీతో ముగుస్తాయి. కాబట్టి అయోమయమేమీ లేదు.

మూసుకున్న సిలబుల్, తెరిచిన అచ్చు

క్రియాపట్టికల్లో నేర్చుకునేవాళ్లను ఎక్కువగా విసిగించేది మధ్యలో స్పెల్లింగ్ మారిపోయే క్రియలు. ‘పిలవడం’ ఆ-ప్లే; రాతలో ఒకే ఎల్. ‘పిలుస్తాను’ అనేసరికి ఎల్ రెండవుతుంది: ఝా-పెల్. ‘పిలుస్తాం’ దగ్గర మళ్లీ ఒక్కటే: ను-జా-ప్లోఁ. ‘కొనడం’ ఆష్-తే; ‘కొంటాను’ దగ్గర ఈ మీద ఎడమవైపు వాలిన గీత వస్తుంది: ఝా-షెత్. ‘ఎత్తడం’ ల-వే, ‘ఎత్తుతాను’ లెవ్. ఒకచోట హల్లు రెట్టింపు, ఇంకోచోట గీత. చూపుకి రెండు వేర్వేరు నియమాల్లా కనిపిస్తాయి గానీ వాటి వెనక ఉన్న సంగతి ఒకటే.

ఆ-ప్లేలో మధ్యనున్న ‘ఈ’ బలహీనమైన అచ్చు, మామూలు మాటల్లో పూర్తిగా మాయమైపోతుంది. ‘ఝా-పెల్’లో చివరి ‘ఈ’ మూగది. దాంతో లకారం వెనక్కి జరిగి ముందున్న సిలబుల్‌ని మూసేస్తుంది. ఇప్పుడు ఊనిక (నొక్కి పలకడం) పడేది ఆ సిలబుల్ మీదే, ఎందుకంటే ఫ్రెంచ్‌లో ఊనిక ఎప్పుడూ మాటల గుంపులో చివరిగా పలికే సిలబుల్‌కే. ఊనిక మోయాల్సిన సిలబుల్‌లో బలహీనమైన అచ్చు నిలబడలేదు. అది నోరు తెరిచి పలికే ‘ఎ’ కావాలి. ఆ మార్పుని కాగితం మీద చూపించడానికే రెండు ఎల్‌లో, వాలుగీతో. కంటికి ఈ రెండు పద్ధతులు, చెవికి ఒక్కటే సూత్రం: సిలబుల్ మూసుకుంటే అచ్చు తెరుచుకుంటుంది.

‘ఇచ్చేయడం, లొంగడం’ అనే సే-దే ఇదే సూత్రాన్ని ఇంకోవైపు నుంచి చూపిస్తుంది. సే-దోఁ (లొంగుతాం) అన్నప్పుడు మొదటి సిలబుల్ అచ్చుతో ముగుస్తోంది, కాబట్టి బిగువైన ‘ఏ’. ‘సెద్’ (లొంగుతాను) దగ్గర దకారం వచ్చి మూసింది, కాబట్టి ‘ఎ’. మరి భవిష్యత్తు ‘లొంగుతాను’? పాత నియమం ప్రకారం అక్కడ ‘ఏ’ గుర్తే రాయాలి. కానీ పలుకులో మధ్య అచ్చు పోయి ‘సెద్-రే’ అయిపోయింది, దకారం ముందు సిలబుల్‌ని మూసేసింది, అచ్చు తెరుచుకుంది. నోరు ఒకటి అంటుంటే రాత ఇంకోటి అనేది.

1990 డిసెంబర్ 6న ఫ్రాన్స్ అధికారిక గెజెట్‌లో వచ్చిన స్పెల్లింగ్ సవరణల్లో దీనికి పరిష్కారం దొరికింది. భవిష్యత్ రూపాల్లోనూ తెరిచిన ‘ఎ’ గుర్తు రాయవచ్చన్నారు. ఆ-ప్లే, ఝ-తే (విసరడం), వాటి నుంచి పుట్టిన క్రియలు మినహా ఆ రకం క్రియలన్నిటికీ హల్లు రెట్టింపు చేసే పద్ధతి వదిలేసి, ఆష్-తే దారిలో వాలుగీత పెట్టవచ్చన్నారు. పాత రాత తప్పు అనలేదు, రెండూ చెల్లుతాయి. ఆ సవరణల మీద ఫ్రాన్స్‌లో చాలా గొడవ జరిగింది, ఇప్పటికీ పాత రాతనే పట్టుకున్నవాళ్లు ఎందరో. క్రియల వరకు చూస్తే మాత్రం ఆ సవరణలు న్యాయంగానే కనిపిస్తాయి. చెవి ఎప్పుడో ఒప్పుకున్నదాన్ని చేతికి అనుమతించాయి, అంతే.

మేము, మీరు ఎందుకు వేరు?

వ-నోఁ (వస్తాం), వ్యెఁ (వస్తాడు). ద-వోఁ (చేయాల్సి ఉంది మేము), ద్వా (చేయాల్సి ఉంది అతను). పు-వోఁ (చేయగలం), పెదాలు గుండ్రం చేసి పలికే ‘ప’ (చేయగలడు). ‘మేము, మీరు’ రూపాలు ఒక దారి, మిగతా నాలుగూ ఇంకో దారి. ఇంగ్లిష్‌లో ఫ్రెంచ్ నేర్పే క్లాసుల్లో వీటిని బూటు క్రియలంటారు, పట్టికలో ఆ నాలుగింటి చుట్టూ గీత గీస్తే బూటు ఆకారం వస్తుందని. గుర్తుపెట్టుకోవడానికి అది బాగానే ఉంటుంది కానీ కారణం చెప్పదు.

కారణం లాటిన్‌లో ఉంది. ‘వస్తాడు’ అనే లాటిన్ రూపంలో ఊనిక ధాతువు మీద పడేది. ‘వస్తాం’ అన్నప్పుడు ప్రత్యయం మీదికి జరిగేది. ఊనిక పడిన అచ్చు సాగి, చీలి, కొత్త రూపం తెచ్చుకుంది. ఊనిక తప్పిన అచ్చు నలిగి బలహీనపడింది. ఒకే ధాతువుకి రెండు ముఖాలు వచ్చాయి. పాత ఫ్రెంచ్‌లో ఈ తేడా ఇంకా చాలా క్రియల్లో ఉండేది: ‘ప్రేమిస్తాను’లో ఏ-ఐ రాసేవారు, ‘ప్రేమిస్తాం’లో వట్టి ఏ. కాలక్రమంలో మొదటిదే గెలిచి పట్టికంతా పరుచుకుంది, అందుకే ఇప్పుడు ‘ను-జె-మోఁ’. ఎక్కువగా వాడే క్రియలు మాత్రం పాత తేడాని నిలబెట్టుకున్నాయి. రోజూ నోట్లో నలిగే మాటల్ని ఎవరూ సరిచేయబోరు.

ఫ్రెంచ్‌లో బాగా ఇబ్బందిపెట్టే ‘ఫ-జోఁ’ (చేస్తాం) కూడా ఈ కథలోదే. రాతలో ఏ-ఐ ఉంటుంది, చూసి ‘ఫెజోఁ’ అని చదవబుద్ధేస్తుంది. ఊనిక లేని సిలబుల్ కాబట్టి అచ్చు నలిగి బలహీనమైన ‘అ’ అయింది. రాత ఆ మార్పుని పట్టించుకోలేదు. ‘చేసేవాణ్ని’ కూడా ‘ఫ-జె’నే.

రాబోయే కాలంలో రకారం

ఫ్రెంచ్ భవిష్యత్ రూపాలు పాత లాటిన్ భవిష్యత్ రూపాల నుంచి వచ్చినవి కావు, తర్వాత పుట్టాయి. ‘పాడడం కలిగి ఉన్నాను’ అనే రెండు మాటలు అతుక్కుని ‘పాడతాను’ అయింది. అందుకే భవిష్యత్ ప్రత్యయాలన్నీ ‘కలిగి ఉండడం’ అనే క్రియ వర్తమానపు తోకలే, వాటి ముందు ధాతురూపం నుంచి మిగిలిన రకారం. చివరి సిలబుల్ రకారంతో మొదలైందంటే అది చాలావరకు భవిష్యత్తో, షరతు తెలిపే రూపమో. దొ-నె అంటే ‘ఇచ్చేవాణ్ని’, దొన్-రె అంటే ‘ఇద్దును’. తేడా అంతా ఆ రకారానిదే.

మధ్యనున్న బలహీనమైన అచ్చు పోతుందా, ఉంటుందా? దొన్-రే (ఇస్తాను), షాఁత్-రే (పాడతాను), రెండింటిలో పోయింది. పార్-ల-రే (మాట్లాడతాను) దగ్గర మాత్రం పోదు. ర, ల, ర మూడు హల్లులు ఒక్కచోట పడితే నోరు తిరగదు కాబట్టి అచ్చు మధ్యలో నిలబడుతుంది. భాషాశాస్త్రవేత్త మోరిస్ గ్రామోఁ దీన్ని మూడు హల్లుల సూత్రంగా చెప్పాడు. అన్నిచోట్లా తుచ తప్పకుండా పాటించే నియమం కాదు గానీ, క్రియల్లో మాత్రం నమ్మదగిన తోడు. ‘ప్రేమిస్తాను, ఇష్టపడతాను’ అనేవాటి మర్యాద రూపంలో ‘ఝెమ్-రె’ (నాకు కావాలనుంది) అంటారు, అచ్చు లేదు. అదే ‘మాకు’ అయితే ‘ను-జె-మ-ర్యోఁ’. రకారం వెనక యకారం చేరింది, మళ్లీ మూడు హల్లులు, మాయమైన అచ్చు తిరిగొచ్చింది. ‘ను-జా-ప్లోఁ’ (పిలుస్తాం), ‘ను-జా-ప-ల్యోఁ’ (పిలిచేవాళ్లం) తేడా కూడా ఇదే.

ఇందాక వాయిదా వేసిన మినహాయింపు ఇక్కడే. ‘పరుగెత్తేవాడు’ కు-రె, ‘పరుగెత్తును’ కుర్-రె. ‘చనిపోతూ ఉండేవాడు’ ము-రె, ‘చనిపోవును’ ముర్-రె. రాతలో ఒక ఆర్, రెండు ఆర్‌లు. ఇక్కడ రెండూ పలకాలి: ఒకటి ముందు సిలబుల్‌ని మూయాలి, ఇంకొకటి తర్వాతిదాన్ని మొదలుపెట్టాలి. లేకపోతే కాలమే మారిపోతుంది. ‘పె-యోఁ’ (చెల్లిస్తాం), ‘పెయ్-యోఁ’ (చెల్లించేవాళ్లం) కూడా అంతే. ఒక హల్లుకీ, ద్విత్వానికీ తేడా తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చే విద్య. ఫ్రెంచ్ పిల్లలు జాగ్రత్తగా నేర్చుకోవాల్సిన ఈ చోట తెలుగు నోరు ఏ కష్టమూ లేకుండా నెగ్గుతుంది.

రెండా, మూడా?

‘మేము పాడేవాళ్లం’ ను షాఁ-త్యోఁ, క్రియలో రెండు సిలబుల్స్. ‘మేము లోపలికి వచ్చేవాళ్లం’ ను-జాఁ-త్రి-యోఁ, క్రియలో మూడు. ప్రత్యయం రెండుచోట్లా ఒకటే. త్ర అనే విడిపోని జంట వెనక యకారాన్ని కూడా తోస్తే నోరు మొరాయిస్తుంది, కాబట్టి మధ్యలో ‘ఇ’ పూర్తి అచ్చుగా నిలబడుతుంది. మర్యాదగా అడగడంలో రోజూ వాడే రూపాల్లో ఇది తెలుసుకోవాలి: వు-జో-ర్యే (మీ దగ్గర ఉండునా), వు పు-ర్యే (మీరు చేయగలరా) రెండేసి, వు వు-ద్రి-యే (మీరు కోరుకుంటారా), వు ద-వ్రి-యే (మీరు చేయాలి) మూడేసి.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. పాత కవులు ఇలాంటి మాటల్ని రెండుగానే లెక్కపెట్టేవారు. 1637లో పియేర్ కోర్నెయ్ ‘ల సిద్’ నాటకంలో హంతకుడు అనే అర్థంలో వచ్చే మాటను మూడు సిలబుల్స్‌గా, మర్-త్రి-యే అని, పద్యంలో కూర్చాడు. ఆనాటి విమర్శకులు అది తప్పన్నారు. మాట్లాడే నోరు మాత్రం కోర్నెయ్ వైపే ఉంది, కొద్దికాలానికే కవిత్వమూ అటే వచ్చింది. విమర్శకులు చెవి మూసుకుని లెక్కపెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మాట నుంచి మాటకి

ఇప్పటిదాకా చెప్పిన విరుపులు విడి క్రియకి. వాక్యంలో పడగానే సిలబుల్స్ మాటల హద్దుల్ని లెక్కచేయవు. ‘అతను ప్రేమిస్తాడు’ ఇ-లెమ్. ‘వాళ్లు ప్రేమిస్తారు’ ఇల్-జెమ్. క్రియ రెండింటిలో ఒకటే ‘ఎమ్’. బహువచనం సంగతి చెప్పేది సర్వనామం చివరి ఎస్. మామూలుగా పలకని ఆ ఎస్, వెనక అచ్చు రాగానే జకారమై తర్వాతి సిలబుల్‌కి తలగా చేరింది. ‘వాడు ఎక్కడ’ని ‘వాడెక్కడ’ అని అనడం అలవాటున్న తెలుగువాళ్లకు హల్లు వెళ్లి పక్కమాట అచ్చుతో కలవడం వింతగా ఉండదు.

‘ఇల్-సోఁ’ అంటే ‘వాళ్లు ఉన్నారు’, ‘ఇల్-జోఁ’ అంటే ‘వాళ్ల దగ్గర ఉంది’. స, జ తేడా పోతే అర్థమే పోతుంది. తెలుగులో ఈ జకారం సహజంగా లేదు కాబట్టి మన క్లాసుల్లో మొదటి రోజు నుంచీ సాధన చేయించాల్సిన జంట ఇది. హల్లుతో మొదలయ్యే క్రియలకు ఈ సాయం కూడా ఉండదు. ‘ఇల్ పార్ల్’ అని వినిపిస్తే అతనా, వాళ్లా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాల్సిందే, ఫ్రెంచ్‌వాళ్లు కూడా.

ప్రశ్నగా తిప్పినప్పుడు మూగ టీ లేచి కూర్చుంటుంది: ‘పార్ల-తిల్?’ అంటే వాళ్లు మాట్లాడతారా. ఏకవచనంలో అసలు టీయే లేదు, అయినా రెండు హైఫన్‌ల మధ్య ఒక టీ పెట్టి అదే శబ్దం పలుకుతారు. ‘ప్రాఁ-తిల్’ (తీసుకుంటాడా) దగ్గర రాసేది డీ, పలికేది త. రాత ఏదైనా ఆ చోట సిలబుల్‌కి ఒక తకారం కావాలి, భాష ఎక్కడినుంచో ఒకటి తెచ్చి పెడుతుంది.

తెలుగు నోటికి ఎక్కడ కష్టం

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం టెఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షలు రాసే తెలుగువాళ్లకు వినికిడి విభాగంలో తగిలే దెబ్బ చాలావరకు ఇక్కడిదే. కళ్లతో నేర్చుకున్న పట్టికలోని ఆరు రూపాల కోసం చెవి వెతుకుతుంది, వినిపించేవి మూడే.

మాట్లాడడంలో ఇబ్బంది వేరు. తెలుగు అజంత భాష. బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు చేసుకున్న నోరు ‘పార్ల్’ అని హల్లు మీద ఆగడానికి ఇష్టపడదు, చివర ఏదో ఒక అచ్చు తగిలిస్తుంది. ఏ అచ్చు తగిలిస్తామన్న దాన్ని బట్టి అర్థం మారుతుంది. ‘పార్లే’ అంటే మాట్లాడడం, లేదా మాట్లాడిన, లేదా మీరు మాట్లాడతారు. ఈ మూడింటికీ స్పెల్లింగ్ వేరు, పలుకు ఒకటే. ‘పార్లె’ అంటే మాట్లాడుతూ ఉండేవాడు. ‘పార్లా’ అంటే, ఇప్పుడు రాతకే పరిమితమైన భూతకాలంలో, ‘మాట్లాడెను’. చివర తగిలిన అచ్చు ఒక్కటే మొత్తం వాక్యాన్ని ఇంకో కాలంలోకి తోసేస్తుంది. ‘పార్లెంట్’ అని ఉన్నదున్నట్టు చదివే అలవాటైతే మరీ ప్రమాదం, ఆ మాట ఫ్రెంచ్‌వాళ్ల చెవికి క్రియలాగే తోచదు. అందుకే సాధన మొదలుపెట్టాల్సింది హల్లుతో మూసుకునే చిన్న రూపాల దగ్గర: మెత్, లిజ్, సోర్త్, ప్రెన్. హల్లు స్పష్టంగా పలికి, దాని వెనక అచ్చు రాకముందే ఆగడం.

అలా ఆగడం ఎంతకీ రాకపోతే దక్షిణ ఫ్రాన్స్ కాస్త ఊరట ఇస్తుంది. మార్సెయ్, తులూజ్ వైపు జనం మూగ ‘ఈ’ని ఇంకా పలుకుతూనే ఉంటారు, వాళ్లకి ‘పార్-ల’ రెండు సిలబుల్స్. పారిస్ వైపు దీనికి పూర్తిగా ఎదురు. అక్కడి హడావిడి మాటల్లో ‘ఝ పార్ల్’లోని ఝకారం కూడా అచ్చు పోగొట్టుకుని ‘ష్పార్ల్’ అయిపోతుంది, రెండు మాటలు కలిసి ఒక్క సిలబుల్. ‘నాకు తెలియదు’ అనే నాలుగు మాటల వాక్యం ‘షే-పా’గా కుదించుకుపోతుంది. పరీక్షల కోసం నేర్చుకునేవాళ్లు రెండింటికీ మధ్యలో ఉండడం మేలు. అయితే వినడంలో మాత్రం రెండూ పరిచయం కావాలి.

శాస్త్రీయ కవిత్వం మరో లెక్క పాటిస్తుంది. పన్నెండు సిలబుల్స్ ఉండే అలెగ్జాండ్రిన్ పంక్తిలో ‘పార్ల్’ తర్వాత హల్లు వస్తే మూగ ‘ఈ’ పలికి రెండు అవుతుంది, అచ్చు వస్తే కలిసిపోయి ఒకటే మిగులుతుంది. ‘వాళ్లు మాట్లాడతారు’ అనే రూపం మాత్రం పంక్తి మధ్యలో ఎక్కడున్నా రెండే, ఎందుకంటే ఎన్-టీ అడ్డుగా నిలబడి తర్వాతి అచ్చుతో కలవనివ్వదు. అవే ఈ-ఎన్-టీ లెటర్లు ‘మాట్లాడుతూ ఉండేవాళ్లు’ అనే రూపం చివర ఏ-ఐ వెనక వస్తే లెక్కలోకే రావు. అక్కడ పార్-లె అని రెండు, అంతే.